ఇల్లు ఒకరిది.. దుమ్ము ఊరందరిది

* పల్లెల్లో ముమ్మరంగా గృహ నిర్మాణాలు
* పెద్ద ప్రాజెక్టులు, పట్టణాలకే పరిమితమైన ధూళి నియంత్రణ నిబంధనలు
* సిమెంటు రేణువులతోపాటే సూక్ష్మ ప్లాస్టిక్‌
* పంచాయతీ తీర్మానం చేస్తే అదుపు సాధ్యమే

మునగాల: మూఢం తొలగి, కోతలు ముగిసి, చేతికి నాలుగు డబ్బులు వచ్చాయంటే పల్లెల్లో ముగ్గు పోసే రోజులు మొదలైనట్లే. ఏ వీధికి వెళ్లినా ఒక పునాది, ఒక పిట్టగోడ, ఒక ఇసుక కుప్ప కనిపిస్తాయి. హైదరాబాద్‌-విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న మునగాల మండల కేంద్రంలోనే కాదు, లోపలి గ్రామాల్లోనూ ఇదే దృశ్యం. సొంతిల్లు పేదవాడి జీవితకాల స్వప్నం. దానిని ఎవరూ తప్పుపట్టజాలరు. అయితే ఆ ఇల్లు లేచే ఆరేడు నెలలపాటు దాని దుమ్మును పీల్చేది కట్టుకునే కుటుంబం ఒక్కటే కాదు. ఎదురింటి పసిపాప, పక్కింటి ఉబ్బస రోగి, గోడ కట్టే తాపీ మేస్త్రీ, ఇసుక జల్లెడ పట్టే కూలీ మహిళ.. అందరూ దానిలో భాగస్వాములే. ఈ దుమ్మును ఎవరు అదుపు చేయాలన్న ప్రశ్నకు మాత్రం చట్టంలోనూ, ఊరిలోనూ స్పష్టమైన సమాధానం దొరకడం లేదు.

చిన్న ఇళ్లు.. పెద్ద లెక్క

రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఒక్కో ఇంటికి రూ.5 లక్షల సాయం ప్రకటించారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు లక్ష్యంగా పెట్టారు. మునగాల మండలం కోదాడ నియోజకవర్గంలో ఉంది. లక్ష్యం మేరకు 3,500 ఇళ్లూ కనీస విస్తీర్ణంలోనే పూర్తయ్యాయనుకుంటే మొత్తం 14 లక్షల చదరపు అడుగులు, అంటే సుమారు 1.30 లక్షల చదరపు మీటర్ల నిర్మాణం అవుతుంది.

ఈ అంకెకు ఒక ప్రాధాన్యం ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన విస్తీర్ణం గల భవన ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఒకే బిల్డరు ఒకే చోట 20 వేల మీటర్లు కడితే అనుమతులు, నిర్వహణ ప్రణాళిక, తనిఖీలు అన్నీ వస్తాయి. అంతకు ఆరు రెట్లకు మించిన నిర్మాణం వేల ఇళ్లుగా విడిపోయి ఊరూరా జరిగితే వాటిలో ఏ ఒక్కటీ ఆ పరిధిలోకి రాదు. ప్రతి ఇల్లూ చిన్నదే, అన్నీ కలిస్తే మాత్రం చిన్నవి కావు.

చదరపు అడుగుకు సుమారు 0.4 బస్తా సిమెంటు పడుతుందని నిర్మాణ రంగంలో స్థూలంగా లెక్క వేస్తారు. ఆ ప్రకారం 14 లక్షల చదరపు అడుగులకు 5.6 లక్షల బస్తాలు కావాలి. బస్తా 50 కిలోలు. అంటే 28 వేల టన్నుల సిమెంటును బస్తా విప్పి, గుమ్మరించి, ఇసుకతో కలిపి వాడాలి. విప్పిన ప్రతిసారీ కొంత గాలిలో కలుస్తుంది. పథకంతో సంబంధం లేకుండా సొంత డబ్బుతో కట్టుకునే ఇళ్లు, రహదారి వెంట లేచే దుకాణ సముదాయాలు ఈ లెక్కలో లేవు.

దుమ్ము ఎక్కడ పుడుతుంది?

పాత ఇల్లు కూల్చడంతోనే మొదలవుతుంది. మట్టి గోడలు, పెంకుల మిద్దెలు పడగొట్టినప్పుడు లేచే ధూళి కంటికి కనిపిస్తుంది. పొక్లెయిన్‌ పనిచేసే రోజున వీధి తలుపులు మూసుకుంటుంది. అంతకంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించదు. మన ప్రాంతంలో వేల ఇళ్లకు సిమెంటు రేకులే కప్పు. వాటిలో చాలావరకు ఆస్‌బెస్టాస్‌ నారతో తయారైనవే. రేకు కప్పుపై చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నార పెద్దగా వెలువడదు. గడ్డపారతో పగులగొట్టినప్పుడు, పైనుంచి కిందికి విసిరినప్పుడు సన్నని పోగులు గాలిలో చేరతాయి. ఆస్‌బెస్టాస్‌లోని అన్ని రకాలనూ అంతర్జాతీయ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ క్యాన్సర్‌ కారకాల జాబితాలో చేర్చింది. ఆస్‌బెస్టాస్‌ కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. తీర్పు వచ్చి మూడు దశాబ్దాలు దాటినా రేకులను తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలన్న చిన్న సంగతి పల్లెలో కూల్చే కూలీకి చేరలేదు.

రెండోది ఇసుక, కంకర. నది ఇసుక కొరత, ధరల కారణంగా రోబో ఇసుక వాడకం పెరిగింది. రాయిని పిండి చేసి తీసే ఈ ఇసుకలో నది ఇసుక కంటే సన్నని రాతి పొడి ఎక్కువ. వీధిలో పోసిన కుప్పపై ట్రాక్టరు, ఆటో వెళ్లిన ప్రతిసారీ ఆ పొడి లేస్తుంది.

మూడోది కోత. టైల్స్‌, గ్రానైటు, మార్బుల్‌ రాళ్లను ఇంటి ముందే యంత్రంతో పొడిగా కోయడం ఆనవాయితీగా మారింది. కోత మిషను తిరుగుతున్నప్పుడు తెల్లని మేఘం కమ్మిన దృశ్యం అందరికీ పరిచితమే. గ్రానైటులో, ఇసుకలో, కొన్ని రకాల టైల్స్‌లో స్ఫటిక రూప సిలికా ఉంటుంది. దాని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లి అక్కడే పాతుకుపోతాయి. ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్‌ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. అది ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదమూ అధికం. ఈ సిలికా ధూళిని సైతం క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్‌ కారకంగా గుర్తించింది. దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లిన మేస్త్రీ తన పనేమిటో చెప్పకపోతే, వైద్యుడు అడగకపోతే అది మామూలు దగ్గుగానో, పొగ తాగే అలవాటు ఫలితంగానో నమోదై పోతుంది.

నాలుగోది చివరి దశ. గోడలకు లప్పం పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దుతారు. మూసిన గదిలో జరిగే ఈ పనిలో రంగుల కూలీ తల నుంచి కాలి వరకూ తెల్లగా మారతాడు. పాత ఇంటికి కొత్త రంగు వేసేటప్పుడు మరో ముప్పు పొంచి ఉంది. గృహ వినియోగ రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపులు, కిటికీల రంగును గీకినప్పుడు సీసం పొడి నేలపై రాలుతుంది. ఆ నేలపైనే పిల్లలు పాకుతారు.

సిమెంటు సంచి నుంచి చెరువు దాకా

దుమ్ము గురించి కొంతైనా తెలుసు. ప్లాస్టిక్‌ గురించి తెలిసినది తక్కువ. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్‌ ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్‌ అంటారు. 2004లో బ్రిటన్‌ శాస్త్రవేత్త రిచర్డ్‌ థాంప్సన్‌ బృందం సముద్ర తీరాల ఇసుకలో వీటిని గుర్తించి ప్రచురించిన పరిశోధనతో ఈ మాట ప్రపంచవ్యాప్తమైంది. 2022లో నెదర్లాండ్స్‌ పరిశోధకులు మనిషి రక్తంలోనూ, బ్రిటన్‌ పరిశోధకులు సజీవుల ఊపిరితిత్తుల కణజాలంలోనూ వీటిని కనుగొన్నారు. శరీరంలో ఇవి ఎంత హాని చేస్తాయన్నది శాస్త్రం ఇంకా తేల్చవలసి ఉంది. ఒకసారి మట్టిలో, నీటిలో కలిస్తే తిరిగి ఏరలేమన్నది మాత్రం తేలిన విషయమే.

ఒకప్పటి ఇల్లు మట్టి, సున్నం, కర్ర, తాటాకు, పెంకుతో లేచేది. కూలినా మట్టిలోనే కలిసేది. నేటి ఇంట్లో పునాది నుంచి రంగు దాకా ప్లాస్టిక్‌ ఉంది. సిమెంటు వచ్చేది పాలీప్రొపిలీన్‌ అల్లిక సంచుల్లో. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 400 సంచులు మిగులుతాయి. బాగున్నవాటిని అమ్ముతారు. చిరిగినవి సెంట్రింగ్‌ సందులకు, కుప్పలు కప్పడానికి, బురదలో పరచడానికి వాడి వదిలేస్తారు. రెండు వేసవులు ఎండకు నానితే ఆ సంచి పట్టుకుంటేనే పొడిపొడిగా రాలుతుంది. పీవీసీ పైపులను రంపంతో కోసినప్పుడు రాలే పొట్టు, యూపీవీసీ కిటికీలకు రంధ్రాలు వేసినప్పుడు వచ్చే తురుము, సామగ్రి చుట్టూ వచ్చే థర్మోకోల్‌ గుండ్లు, నీలి టార్పాలిన్‌ పీలికలు.. అన్నీ ఇంటి ముందు మట్టిలోనే. ఎమల్షన్‌ రంగుల్లో బంకగా ఉండేది కూడా యాక్రిలిక్‌ ప్లాస్టిక్కే. రుద్దినప్పుడు అది ధూళి, బ్రష్‌ కడిగినప్పుడు అది మురుగు.

తొలకరి పడితే ఇదంతా కాలువ పడుతుంది. ఊరి మురుగు కాలువ కుంటలోకి, కుంట చెరువులోకి, చెరువు పొలంలోకి. సాగర్‌ ఎడమ కాలువ, చెరువుల కింద వరి పండించే ప్రాంతం మనది. మిర్యాలగూడ రైస్‌మిల్లులకు ధాన్యం వెళ్లేది ఈ భూముల నుంచే. వీధిలో నేడు రాలిన ప్లాస్టిక్‌ రేపు మడిలో మట్టితో కలిసిపోతే నష్టపోయేది రైతే.

నిబంధనలు ఏమంటున్నాయి?

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2018 జనవరి 25న నిర్మాణ ధూళి నియంత్రణకు నిబంధనలు ప్రకటించింది. తగిన జాగ్రత్తలు లేకుండా మట్టి తవ్వరాదు. ఇసుక, మట్టి, శిథిలాలను కప్పకుండా వదలరాదు. భవనం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్ల ఎత్తున గాలి అడ్డు తెర కట్టాలి. నీరు చిలకరించే ఏర్పాటు ఉండాలి. తీసుకున్న జాగ్రత్తలను స్థలం వద్ద బోర్డుపై ప్రదర్శించాలి. ధూళి పరిమితి దాటిన నగరాలు, పట్టణాల్లో ఆరుబయట రాళ్లు, టైల్స్‌ కోయడాన్ని, రోడ్డు పక్కన సామగ్రి నిల్వ చేయడాన్ని, కప్పని వాహనాల్లో తరలించడాన్ని నిషేధించారు.

చదవడానికి సమగ్రంగానే ఉన్నాయి. అయితే పర్యావరణ ప్రణాళిక పెద్ద ప్రాజెక్టులకే తప్పనిసరి. ఆరుబయట కోతపై నిషేధం పరిమితి దాటిన నగరాలు, పట్టణాలకే. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద రాష్ట్రంలో హైదరాబాద్‌, పటాన్‌చెరు, సంగారెడ్డితోపాటు మన ఉమ్మడి జిల్లా కేంద్రం నల్గొండ కూడా ఆ జాబితాలో చేరింది. గ్రామ పంచాయతీగా ఉన్న మునగాల వంటి ఊళ్లకు ఆ అవకాశమే లేదు. ఒకే రకమైన రాయిని ఒకే మిషనుతో నల్గొండ వీధిలో కోస్తే అది ఉల్లంఘన. మునగాల వీధిలో కోస్తే మామూలు పని. ఊపిరితిత్తులకు ఈ తేడా తెలియదు.

మన దేశంలో 2009 నవంబరులో ఖరారైన గాలి ప్రమాణాల ప్రకారం 10 మైక్రాన్లలోపు ధూళి ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అదే పరిమితిని 45గా సూచించింది. మన ప్రమాణమే దానికి రెట్టింపునకు మించి ఉంది. దానినైనా పాటిస్తున్నామా లేదా అన్నది కొలిస్తేనే కదా తెలిసేది.

శిథిలాల విషయంలో 2016 నాటి నిబంధనలు కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్‌, ఇటుక-గచ్చు.. ఇలా నాలుగుగా వేరు చేయాలన్నాయి. వాటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలు ప్రకటించి 2026 ఏప్రిల్‌ 1ని అమలు తేదీగా పేర్కొన్నారు. శిథిలాల పునర్వినియోగ బాధ్యతను వాటిలో 20 వేల చదరపు మీటర్లు, ఆపైన ప్రాజెక్టులపై పెట్టారు. మళ్లీ అదే గీత. రాజధానిలో జీడిమెట్ల, ఫతుల్లగూడలలో శిథిలాల శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాల్లో పాత ఇంటి శిథిలాలను పల్లపు స్థలాల్లో, బాటల వెంట, కుంటల అంచున పోయడమే రివాజు. ఇటుక ముక్కలతోపాటు పగిలిన రేకులు, ప్లాస్టిక్‌ పీలికలూ అక్కడికే చేరుతున్నాయి.

ఇళ్లు ఒక్కటే కారణమా?

కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. జాతీయ రహదారిపై రాత్రింబగళ్లు వాహనాల రద్దీ ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాల్లో సిమెంటు పరిశ్రమలు, మిర్యాలగూడ చుట్టూ రైస్‌మిల్లుల ఊక బూడిద, దామరచర్ల మండలంలో 4 వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం ఉన్నాయి. వాటితో పోలిస్తే ఒక ఇంటి దుమ్ము ఎంత అని ఎవరైనా అడగవచ్చు. అయితే పరిశ్రమకు చిమ్నీ ఉంటుంది, అనుమతి పత్రం ఉంటుంది, తనిఖీ చేయవలసిన కాలుష్య నియంత్రణ మండలి ఉంటుంది. ఇంటి ముందు కోత మిషనుకు ఇవేవీ లేవు. పైగా అది ముక్కుకు నాలుగు అడుగుల దూరంలోనే తిరుగుతుంది. పరిశ్రమల దుమ్మును ప్రశ్నించే హక్కు ఊరికి నిలవాలన్నా ముందు తన వీధి దుమ్మును ఊరు సరిదిద్దుకోవాలి.

పంచాయతీ చేతిలో ఉన్నదెంత?

తక్కువేమీ కాదు. 2018 పంచాయతీరాజ్‌ చట్టం ప్రకారం 300 చదరపు మీటర్ల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి ఇచ్చేది గ్రామ పంచాయతీయే. అనుమతి పత్రంలో ధూళి నియంత్రణ షరతులను జోడిస్తే పాటించవలసిన బాధ్యత యజమానిపై పడుతుంది. పల్లె ప్రగతి కింద పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూరాయి. చెత్త వేరు చేసే షెడ్లు ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో సాగిన పంచాయతీలకు 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. గ్రామసభలో ఒక తీర్మానం చేయడానికి పైనుంచి ఉత్తర్వుల కోసం ఎదురుచూడనక్కర లేదు.

ఆచరణలో ఇబ్బందులు లేకపోలేదు. ఇరుకు వీధిలో ఇసుక పోసుకోవడానికి రోడ్డు తప్ప వేరే చోటు లేనివారు ఉన్నారు. రూ.5 లక్షల సాయంతో అప్పు చేసి కట్టుకునే పేదవాడిపై జరిమానా వేయడం న్యాయం కాదు. వేసవిలో తాగునీటికే కటకటలాడేచోట దుమ్ముపై నీళ్లు చల్లమనడం వింతగా ఉంటుంది. ట్యాంకరు డీజిలు ఖర్చు ఎవరు భరించాలన్నదీ తేలాలి. అందుకే మొదట ఖర్చు లేని, నీరు తక్కువ పట్టే జాగ్రత్తలతో ఆరంభించడం మేలు.

గాలి అడ్డుకు ఆకుపచ్చ వల కట్టమనడం సులభం. కానీ ఆ వల కూడా ప్లాస్టిక్కే. పని ముగిశాక విప్పకుండా వదిలేస్తే ఎండకు పీలికలై అదే సూక్ష్మ ప్లాస్టిక్‌ అవుతుంది. దుమ్మును ఆపబోయి ప్లాస్టిక్‌ను పెంచినట్లు అవుతుంది. తాటిచెట్లు విరివిగా ఉన్న ప్రాంతం మనది. తాటి కమ్మల తడికలు, గోనె పట్టాలు చిన్న ఇంటికి సరిపోతాయి. వల తప్పనిసరైతే చిరగక ముందే విప్పి మరో ఇంటికి వాడుకోవాలి.

ఇవి చేస్తే చాలు

* రాళ్లు, టైల్స్‌ తడిగానే కోయాలి. బిళ్ల మీద సన్నని ధారగా నీరు పడేలా మూతకు రంధ్రం చేసిన సీసా అమర్చినా దుమ్ము చాలావరకు అణుగుతుంది. విద్యుత్‌ మిషను కనుక తీగలు, ప్లగ్గులు తడవకుండా, ఎర్త్‌ కనెక్షన్‌తో పనిచేయాలి.

* ఇసుక, రాతి పొడి కుప్పలను తడిపి కప్పి ఉంచాలి. ఒకేసారి పెద్ద లోడు కాకుండా పనికి తగినంతే దించుకోవాలి.

* సిమెంటు రేకులను పగులగొట్టరాదు. తడిపి, బోల్టులు విప్పి, నిండుగా దించాలి. ముక్కలను బాటల కింద నింపరాదు.

* పొడి చీపురుతో ఊడ్చే ముందు నీళ్లు చిలకరించాలి. గోడలు రుద్దే గదిలో తలుపులు, కిటికీలు తెరచి ఉంచాలి, పిల్లలను రానీయరాదు.

* కూలీలకు తువ్వాలు, చేతిరుమాలు చాలవు. సన్నని రేణువులను అవి ఆపలేవు. కోత, రుద్దుడు పనులకు ఎన్‌-95 మాస్కు యజమానే ఇవ్వాలి. పని దుస్తులతో ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకోరాదు.

* పైపుల పొట్టు, థర్మోకోల్‌, చిరిగిన సంచులు ఏ రోజుకారోజు ఒక గోతంలో ఎత్తి పంచాయతీ ట్రాక్టరుకు అందించాలి. కాల్చడం అంతకంటే హాని. రంగు బ్రష్‌లను కాలువలో కడగరాదు.

* అంగన్‌వాడీ, పాఠశాల, ఆరోగ్య కేంద్రం పక్కన కోత, కూల్చివేత పనులను సెలవు వేళల్లో పెట్టుకోవాలి.

వీటిలో అధిక భాగానికి డబ్బు అక్కరలేదు, అలవాటు మారితే చాలు. గృహ నిర్మాణ శాఖ ఇంజినీర్లు బిల్లు కోసం పునాది, గోడలు, కప్పు ఫొటోలు తీసేందుకు ఎలాగూ ప్రతి ఇంటికీ వెళతారు. అదే సమయంలో కుప్ప కప్పి ఉందా, రాయి తడిగా కోస్తున్నారా అని చూసి చెప్పడం అదనపు భారం కాబోదు. అడ్డా కూలీలు, మేస్త్రీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏటా ఒకసారి ఊపిరితిత్తుల పరీక్ష జరిపి, వారి పని వివరం రాసి పెడితే వ్యాధి ముదరకముందే బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు ఈ నిబంధనలు తెలుగులో కూలీకి, యజమానికి అర్థమయ్యే రీతిలో చేరాలి. ఆధునిక శాస్త్ర విషయాలను తెలుగువారికి తెలుగులోనే అందించాలన్న సంకల్పంతో 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలికి ప్రాణం పోసిన కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థాన దివానుగా పనిచేసినవారే. దానికి అండగా నిలిచినది మునగాల రాజా నాయని వెంకట రంగారావు. శతాబ్దం క్రితం ఈ ఊరి పేరు మీద శాస్త్రం ప్రజల భాషలోకి వచ్చింది. నేడు ఒక పేజీ కరపత్రం అచ్చువేసి, ఇంటి అనుమతి పత్రంతో జతచేసి ఇవ్వడానికి ఆ పంచాయతీకి అసాధ్యమేమీ కాదు. ముగ్గు పోసే కాలం మళ్లీ వస్తుంది. ఈలోగా గ్రామసభ ఎజెండాలో ఈ ఒక్క అంశం చేరుతుందా అన్నదే ప్రశ్న.